ఊఁ కొట్టకపోతే కథ లేదు

జూలై 9, 1984. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయ్‌పూర్.

నా మనవరాలు సునీతకి ఇక తెలుగు కథలు చెప్పకూడదట. నా కొడుకు రైల్వే వర్క్‌షాప్ నుంచి వస్తూనే హుకుం జారీ చేశాడు.

"పిల్ల హిందీలో వెనకబడిపోతోందని టీచరమ్మ అందమ్మా. కథలూ గితలూ బంద్."

"చిన్నప్పుడు నువ్వూ ఈ కథలే విన్నావు గదరా. నీ హిందీకేటయ్యింది?" అన్నాను. వాడు వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు.

నేను వరండాలో చాప పరుచుకుని, ఎవర్నీ పిలవకుండా, గోడకే కథ మొదలుపెట్టాను. కొంగ పెళ్ళికి బయల్దేరిన నక్క కథ. మా ఇంట్లో ఎవరో ఒకరు ఊఁ కొట్టకపోతే కథ ముందుకు సాగదు. నక్క ఏటి ఒడ్డుకు వచ్చింది అని ఆగాను. వాళ్ళ నాన్నకి భయపడి సునీత తలుపు వెనక నోరు నొక్కుకుని నిలబడింది. నక్క తన కొత్త తలపాగా తడుస్తుందేమోనని నీళ్ళకేసి చూసింది అన్నాను. మళ్ళీ ఆగాను.

లోపల్నుంచి, నోట్లో ముద్దతోనే, "ఊఁ" అన్నాడు నా కొడుకు.

సునీత పకపకా నవ్వుతూ వచ్చి నా ఒళ్ళో పడింది. నేను నక్కని ఏరు దాటించాను.

రేపు బడికి నేనే వెళ్తాను. చిన్నప్పుడు నీకెవరూ కథలు చెప్పలేదా అని ఆ టీచరమ్మని అడుగుతాను. నాకొచ్చిన హిందీలోనే అడుగుతాను.