మా గోడ మీది గుర్తు

1983, ఆషాఢం, గురువారం

ఈ రోజు వానకు మా మగ్గం గుంట నిండి, నీళ్లు ఇల్లంతా పారాయి. పక్కింట్లో ఉండే మా తోడికోడలు రాజక్క ఇంట్లో మాత్రం గడప కూడా తడవలేదు. ఎండాకాలంలో మట్టి పోసి వాళ్ల నేల ఎత్తు చేసింది మా ఆయనే. ముందు అన్న ఇల్లు, తర్వాత మనది అన్నారు. తర్వాత వాన వచ్చింది.

వాళ్లింట్లోకీ నీళ్లు పోతే బాగుండునని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అంతలో అక్కే తలుపు దగ్గరికొచ్చి పిలిచింది. "చెల్లె, ఆ పడుగు దెచ్చి మా ఇంట్ల పెట్టు. తడిస్తే ఖరాబైతది."

మగ్గానికి ఎక్కించాల్సిన ఆ పడుగు నూలు చుట్ట నెత్తిన పెట్టుకొని వెళ్లాను. బురద కాళ్లతో లోపలికి పోలేక మెట్టు మీదే నిలబడితే అక్క నవ్వింది.

"గింత సిగ్గేంది? ఈ నేల మీ పుణ్యమే. పోయినేడు మీ గోడకు నీళ్లు ఎంతదాంక వచ్చినయో ఆ గుర్తు జూసే మరిది మా నేల లేపిండు."

గుర్తు మా గోడది, ఎత్తు వాళ్లది. అక్క మంచిదే. అందుకే ఇంకా మంటగా ఉంది.

అన్నం పెడుతూ, మన నేల ఎప్పుడు లేపుతారని ఆయన్ని అడగాలనుకున్నాను. ఇంకో గరిటె అన్నం వడ్డించాను.

ఇందాక బొగ్గుముక్కతో, నేటి నీళ్లు తాకిన చోట గీత గీశాను. పాత గుర్తుకు రెండు వేళ్లు పైన పడింది. ఆయన మంచం పక్క గోడే అది. పొద్దున కళ్లు తెరవగానే కనబడుతుంది.