ఉడకబెట్టే వంతు

మార్చి 17, సోమవారం

ఎందుకు వదలాలి? తొమ్మిదిలో బడి మానేసినంత మాత్రాన నాకు మబ్బు తెలియదా? నిన్న బాపు తమ్ముడు రాజమల్లు కాక అందరి ముందు అనేశాడు: గా ఫోన్ల బొమ్మలు జూసి పసుపు ఎండవెడ్తవారా, వానత్తది, గీ వారం నీ వంతు ఇడిసిపెట్టు.

పసుపు ఉడకబెట్టే మిషన్ మా ఊళ్లో ఒక్కటే. ఇంటింటికీ వంతు. మా తర్వాత వంతు ఎవరిది? కాకదే! నేను వదిలితే మిషన్ నేరుగా ఆయన కళ్లంలోకి. ఎంత తెలివి.

బాపు మస్కట్ పోయాక పంట నా చేతికి రావడం ఇదే మొదలు. పచ్చి పసుపు కొన్నాళ్లు ఆగుతుంది. ఉడికింది కళ్లంలో ఎండేలోపు తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, ఎవడూ కొనడు. ఏడాది కష్టం పోతుంది. అది నాకూ తెలుసు.

మార్చి 18

వానకు ఒక యాప్ ఇరవై శాతం అంది. ఇంకో యాప్ అరవై. టీవీలో జగిత్యాల, సిరిసిల్లకు ఎల్లో అలర్ట్. కోరుట్ల వాట్సాప్ గ్రూప్‌లో వెదర్ ఎక్స్‌పర్ట్ అని పేరు పెట్టుకున్నవాడు ఆదివారం దాకా డ్రై అన్నాడు. టార్పాలిన్ షాపువాడు వాన గ్యారంటీ తమ్మీ, ఎన్ని కట్టాలె అన్నాడు. వాడు మండే ఎండలోనూ అదే అంటాడు.

ఇరవై యాప్‌నే నమ్ముతున్నా. దానికి పసుపు లేదు, టార్పాలిన్లూ లేవు. అబద్ధమాడే పనేముంది?

బాపుకు ఫోన్ చేస్తే కాకను అడిగి చెయ్ కొడుకా అన్నాడు. కాక ముందే ఫోన్ చేసి ఉంటాడు.

మార్చి 19

ఉడకబెట్టేశాం. కళ్లం నిండా పరిచాం. గంప దించి అమ్మ, మీ కాక మనకు పగోడారా అంది.

కాక దూరం నుంచి చూసి వెళ్లిపోయాడు. వంతు దొరకలేదు కదా. నాకు నవ్వొచ్చింది.

మార్చి 20

ఎల్లారెడ్డిపేట నుంచి దోస్త్ కుమార్ వీడియో పంపాడు. రాళ్లవాన. పోయినేడాదిది పంపుతున్నవారా అని మెసేజ్ పెట్టాను. ఫోన్ చేసి తిట్టాడు. నెత్తి మీద బొప్పి కట్టిందిరా, ఫొటో తీసి పంపాల్నా, గది సుత పోయినేడాదిదేనా?

ఇరవై యాప్ ఇప్పుడు యాభై అంటోంది. చెప్పాపెట్టకుండా మార్చేసింది.

మార్చి 21, మధ్యాహ్నం

మిషన్ కాక కళ్లంలో ఉంటుందని చూడటానికి పోయాను. లేదు. రోడ్డు పక్కన ఖాళీగా ఉంది. మిషన్ నడిపే హన్మంతు బీడీ తాగుతున్నాడు. మీ కాక తన వంతద్దన్నడు, ఎన్క వంతోళ్లను సుత ఆగుమన్నడు అన్నాడు. కాక పసుపంతా కొట్టంలోనే ఉందట, పచ్చిగా.

అంటే నిజంగానే వాన వస్తుందని నమ్మి చెప్పాడు. లేక నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయడానికా? ఆలోచిస్తే అదీ కుదరడం లేదు. దానికోసం తన వంతు ఎవడు వదులుకుంటాడు?

సాయంత్రం

చీకటైపోయింది, పొద్దు గూకకముందే. కాక, చిన్నమ్మ వచ్చారు. అమ్మతో కలిసి గంపలతో మా పసుపు కొమ్ములు ఎత్తి వరండాలో పోస్తున్నారు. నేను ముఖం చూపించలేక లోపల ఇది రాస్తూ కూర్చున్నా.

కాక కిటికీలోంచి చూసి కేకేస్తున్నాడు: ఓ రాతగాడా, గంప వట్టురా!

చినుకు. పోవాలి.