తల్లి తరఫు గడిలో తిప్పన్న

12-6-2006

శ్రీమతి హనుమక్క గారికి, నమస్కారం.

మీ రొమ్ములోంచి తీసిన గడ్డను పరీక్షించాం. ఈ క్యాన్సర్ మీ అమ్మగారి వైపు నుంచి వచ్చి ఉండవచ్చు. ఆ వైపు ఇంకెవరికైనా ఉంటే, రక్తపరీక్ష చేసి పాకకముందే పట్టుకోవాలి. మీరు నింపిన ఫారంలో 'తల్లి తరఫు రక్తసంబంధీకులు' అన్నచోట మీ భర్త పేరు రాశారు. కొట్టేసి పంపగలరు.

జయంతి,
జన్యు పరిశోధన విభాగం, క్యాన్సర్ ఆసుపత్రి

గుమ్మఘట్ట, 20-6-2006

జయంతమ్మకు హనుమక్క దండాలు.

మా అమ్మ రొమ్ముగడ్డతోనే పాయ. చిన్నమ్మా అట్లే పాయ. ఆ తట్టు మిగిలింది మా ఆయన తిప్పన్న ఒక్కడే. కొట్టేయమంటే ఎట్ల కొట్టేసేది?

హనుమక్క

మరిచినా: మీ జాబు చదివినకాడ్నుంచి 'నన్ను కొట్టేసినారంట' అని ఆయన అన్నం సరిగా తినడంల్యా.

28-6-2006

హనుమక్క గారికి,

భర్త ఎంత ఆప్తుడైనా రక్తసంబంధీకుడు కాడు. కొత్త ఫారం పంపుతున్నాను.

జయంతి

తా.క.: ప్రేమ వేరు, రక్తం వేరు. నొచ్చుకోకండి.

గుమ్మఘట్ట, 5-7-2006

జయంతమ్మకు,

రక్తం వేరెట్లయితాది తల్లీ? ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. మా అమ్మే ఆయన్ని చంకనేసుకొని సాకి, నన్నిచ్చి పెండ్లి చేసింది. మా ఇండ్లల్లో మేనమామకు ఇచ్చేది మామూలే.

హనుమక్క

మరిచినా: మొగుని గడిలో ఒకతూరి, అమ్మ తరఫున ఒకతూరి రాస్తే రెండు సూదులు పొడుస్తారేమోనని ఆయనకు దిగులు.

13-7-2006

హనుమక్క గారూ,

తప్పు నాదే. అడగకుండానే కొట్టేయమన్నాను.

కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేవి జన్యువులు. ఆపవలసినవి పనిచేయక, పెంచేవి ఆగకుండా పనిచేస్తే గడ్డ ఎదుగుతుంది. ముదిరితే ఆ కణాలు ఉన్నచోటు వదిలి చంకలోకి, ఎముకల్లోకి పోతాయి. మీ గడ్డ ఎదిగింది అలాగే. దానికి మూలమైన లోపం మీ అమ్మగారి తమ్ముడికీ ఉండవచ్చు. అరుదుగా మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. వెంటనే ఆయన ఛాతీ తడిమి చూడండి.

జయంతి

తా.క.: సూది ఒక్కటే అని చెప్పండి.

గుమ్మఘట్ట, 19-7-2006

జయంతమ్మకు,

అంగీ విప్పు మామా అంటే విప్పల్యా. రెండేండ్లుగా ఎంత ఎండకైనా అంగీ తీయని మనిషి. నేను చేతులు పట్టి గుండీలు తీసినా. ఎడమ చనుమొన కింద శనక్కాయంత గడ్డ. మొన లోపలికి పోయుండాది.

'ఎప్పట్నుంచి?' అంటే 'నీకు రాకముందు నుంచే' అన్నాడు. 'ఆడోళ్ల జబ్బు నాకొచ్చిందంటే ఊరు నవ్వుతాది. నేనూ పడకేస్తే నిన్ను ఆసుపత్రికి ఎవరు తోడ్కపోతారు?' అన్నాడు.

నోటికొచ్చినట్ల తిట్టినా, కడుపారా ఏడ్చినా. కోపం ఇంకా పోల్యా. సోమవారం పొద్దున బస్సుకు ఆయన్ని తోడ్కొని నేనొస్తాండా.

హనుమక్క

మరిచినా: ఆయనకు మంచం ఆడోళ్ల వార్డులో ఏస్తారా, మొగోళ్ల వార్డులోనా? యాడైనా ఏయండి గానీ, నాకు మందెక్కించే మంచం పక్కనే ఉండల్ల.