రోజా విడిచే మాట

గోదావరిఖని
ఫిబ్రవరి 14

ప్రియమైన అఫ్షీన్ బేటీకి,

అస్సలాము అలైకుం. నిన్న వీడియో కాల్‌లో నా పెదాలు చూసి ఏదో ఊహించుకుని, "సరే అబ్బా, రేపే పంపిస్తా" అన్నావు. నేను ఏమీ పంపమనలేదు బేటీ. అన్నం తిన్నావా అని అడిగాను. ఇట్లా అయితే లాభం లేదని ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. సెల్లులో ఒత్తుదామంటే నా వేలు ఒకేసారి రెండక్షరాల మీద పడుతుంది. ఇంట్లో మనం మాట్లాడేది ఉర్దూ అయినా, నువ్వూ నేనూ చదువుకున్నది ఈ ఊరి తెలుగు బడుల్లోనే కాబట్టి, రాత మాత్రం తెలుగులోనే సాఫీగా సాగుతుంది.

ఆపరేషన్ గాయం పూర్తిగా మానింది. గొంతు పెట్టె తీసేశాక మెడ దగ్గర చేసిన రంధ్రం గుండానే ఊపిరి. దాని మీద మీ అమ్మీ పూటపూటకూ తెల్లగుడ్డ మార్చి కడుతోంది. తినడానికి, తాగడానికి ఇబ్బంది లేదు. ఉపవాసం, రోజాలు ఉండొచ్చని డాక్టరే అన్నారు.

వచ్చేవారమే రంజాన్. మొన్న మసీదు కమిటీవాళ్లు వచ్చి కూర్చున్నారు. తెల్లవారుజామున సహరి తిండికి మైకులో మేలుకొలిపి, రోజా సంకల్పం నియ్యత్ చదివేది, సాయంత్రం రోజా విడిచే దువా చదివేది ఇన్నేళ్లూ నేనే కదా! గనిలో మందు పేల్చే ముందు షాట్‌ఫైరర్‌గా నేను "హోషియార్" అని కేకేస్తే మూడు మలుపుల అవతల ఉన్నవాళ్లు కూడా పక్కకు జరిగేవారు. ఆ గొంతే మసీదుకూ పనికొచ్చింది. ఇప్పుడు వేరేవాళ్లను చూసుకోండని కాగితం మీద రాసిచ్చాను. మన వెనకవీధి మెకానిక్ ఉజైర్ చదువుతాడట.

నాకు ఒక్కటే తోచడం లేదు. నోటితో పలకలేని మనిషి నియ్యత్ ఎట్లా చేసుకోవాలి? ఎవరినీ అడగబుద్ధి కాలేదు. ఈసారి మసీదుకు వెళ్లను. ఇంట్లోనే ఉంటాను.

గోలేటి గనిలో నువ్వు నడిపే డంపర్ కబుర్లు రాయి. పొద్దున నడకలో కలిసిన ప్రతివాడికీ రెండు చేతులతో స్టీరింగు తిప్పి, చేయి పైకెత్తి ఆ బండి ఎత్తు చూపించి, మా బిడ్డే అన్నట్టు గుండె మీద తట్టుకుంటున్నాను. అందరికీ అర్థమవుతోంది.

నీ మేలు కోరే అబ్బా,
అబ్దుల్ రజాక్


గోలేటి
ఫిబ్రవరి 22

ప్రియమైన అబ్బాకు,

వఅలైకుముస్సలాం. మీ ఉత్తరం అందిన రోజు అన్నం తినకుండానే ముందు చదివాను. తిన్నావా అని అడిగిన మనిషికి ఇదీ నా జవాబు!

ఇల్లు విడిచి నేనుంటున్న మొదటి రంజాన్ ఇది. మొదటి సహరికి ఖిచిడీ, పుల్లటి ఖట్టా వండుకున్నాను. తిని, నీళ్లు తాగి, నియ్యత్ చదవబోయాను. "వ బిసౌమి గదిన్..." అక్కడ ఆగిపోయాను అబ్బా. తర్వాతి మాట రాలేదు. చిన్నప్పటి నుంచీ మీరు మైకులో చదువుతుంటే వెంట పెదాలు కదపడమే గానీ, ఒక్కదాన్నే ఎన్నడూ చదవలేదని అప్పుడు తెలిసింది. సెల్లులో వెతికి పూర్తి చేశాను.

నాతో పాటు క్వార్టర్లో ఉండే సుసన్నా కూడా డంపర్ ఆపరేటరే. ఆ చప్పుడుకు లేచి, "అక్కా, గదేం ప్రార్థన? అర్థమేంది?" అని అడిగింది.

"తెల్వదే" అన్నాను.

"నేను సుత మా చర్చి శ్రమదినాలని ఒక్కపొద్దుంటున్న. నేను చేసే ప్రార్థన నాకైతే అర్థమైతది" అంది. వెక్కిరించలేదు, మామూలుగానే అంది. నాకే తల వంగిపోయింది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నాకు సెకండ్ షిఫ్టు పడింది. రోజా ఉన్నానని తెలిసి మా షిఫ్టు ఇన్‌చార్జి రఘుపతి సార్ పిలిచారు.

"అమ్మా, పొద్దంత నీళ్లు తాగకుంట గంత పెద్ద బండి ఎట్ల నడుపుతవు? ఈ నెల ఆఫీసుల కూసో. పండుగయినంక బండెక్కుదువు."

"సార్, మగోళ్లు రోజా ఉండి నడుపుతనే ఉన్నరు గద. వాళ్లను ఆఫీసుల కూసోమన్నరా?"

"వాళ్లు ఏండ్ల సంది నడుపుతున్నరమ్మా. నువ్వు మొన్ననే ఎక్కినవు."

అబ్బా, ఈ సీటు కోసం ట్రైనింగులో నేను ఎంత కష్టపడ్డానో మీకు తెలుసు. ఒకసారి దిగి ఆఫీసులో కూర్చుంటే, ఆడవాళ్లతో ఇంతే అంటారు. రేపు సుసన్నాకు కూడా అదే మాట తగులుతుంది. రోజా వదలడానికి మనసు ఒప్పడం లేదు. రెండు రోజులు టైము అడిగాను, సార్ సెలవు రాసి ఇచ్చారు. ఏం చేయమంటారు? ఆ రెండు దువాల అర్థం కూడా తెలుగులో రాసి పంపండి. ఆలస్యం కాకుండా ఈ ఉత్తరం బస్సులో వచ్చేవాళ్ల చేతికిస్తున్నాను, జవాబు కూడా అట్లాగే పంపండి.

మీ బిడ్డ,
అఫ్షీన్


గోదావరిఖని
ఫిబ్రవరి 24

నా అఫ్షీన్‌కు,

అస్సలాము అలైకుం. నువ్వు అర్థం అడిగావు. నిజం చెప్పాలంటే నాకూ పైపైనే తెలుసు. నీకు తప్పు రాసి పంపకూడదని, వెళ్లనన్న మసీదుకే వెళ్లి ఇమామ్ సాబ్ ముందు కాగితం పెట్టాను. ఆయన ఒక్కో మాటా విడదీసి చెప్పారు. నేను రాసుకున్నాను.

సహరి నియ్యత్ ఇది: "వ బిసౌమి గదిన్ నవైతు మిన్ షహ్రి రమదాన్." రంజాన్ నెలలో రేపటి రోజాకు సంకల్పించుకున్నాను అని. గదిన్ అంటే రేపు. తెల్లవారుజామున తిని, ఆ రోజే ఉండబోయే రోజాను రేపు అనడమేమిటని అడిగాను. రాత్రే సంకల్పించుకునేవాళ్ల మాట అది, అట్లాగే వాడుకలోకి వచ్చింది అన్నారు.

ఇఫ్తారుది: "అల్లాహుమ్మ ఇన్నీ లక సుమ్‌తు, వ బిక ఆమన్‌తు, వ అలైక తవక్కల్‌తు, వ అలా రిజ్‌ఖిక అఫ్‌తర్‌తు." ఓ అల్లాహ్, నీ కోసమే ఉపవాసమున్నాను, నిన్నే నమ్మాను, నీ మీదే భారం వేశాను, నువ్విచ్చిన తిండితోనే ఉపవాసం విడుస్తున్నాను.

నీళ్లు తాగాక చదివేది ఇంకొకటి చెప్పారు. అందులో "దాహం తీరింది, నరాలు తడిశాయి, అల్లాహ్ తలిస్తే ప్రతిఫలం నిలిచింది" అని ఉందట. నరాలు తడిశాయి! ఎండు దుమ్ములో పనిచేసిన మనిషికి ఆ మాట వేరే చెప్పాలా? సుసన్నాకు ఇది తప్పకుండా వినిపించు.

చివరికి నా ప్రశ్న కూడా కాగితం మీద రాశాను. ఆయన చదివి, నా చేయి పట్టుకుని, "రజాక్ భాయ్, నియ్యత్ ఉండేది దిల్‌ల. సహరికి లేచిండ్రంటేనే అది అయిపోయింది. నాలుక పలకకున్నా ఏం ఫికర్ లేదు" అన్నారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇక నీ డ్యూటీ సంగతి. రఘుపతి గారి మీద కోపం పెట్టుకోకు. మనుషుల ప్రాణాలు చేతిలో ఉన్నవాడు అట్లాగే అడుగుతాడు, అడగాలి కూడా. వెళ్లి ఇట్లా చెప్పు: "నన్ను వారం రోజులు చూడండి సార్. షిఫ్టు ఎక్కేముందు బీపీ చూపిస్తా. పని తక్కువైతే అప్పుడు దించండి." ఆ తర్వాత ఒక్క మాట గుండెలో పెట్టుకో. కళ్లు తిరిగినట్టు ఏ కొంచెం అనిపించినా, సూర్యుడు దిగడానికి కాసేపే ఉన్నా సరే, బండి పక్కకు పెట్టి నీళ్లు తాగు. నువ్వే అందరికీ చెప్పు. విడిచిన రోజాను పండుగ తర్వాత ఉండి తీర్చుకోవచ్చు, మన దీనే, మన మతమే ఆ వెసులుబాటు ఇచ్చింది. నేను రోజా ఉండి మందు పేల్చిన రోజుల్లో నా చెయ్యి వణికితే డెటొనేటర్ ఇంకో షాట్‌ఫైరర్‌కు ఇచ్చేసేవాణ్ణి. దానివల్ల నా పేరు తగ్గలేదు.

మసీదులో ఉజైర్ చదవడం విన్నాను. మంచి పిల్లవాడే గానీ బస్సు అందుకోవాలన్నట్టు చదువుతాడు. వినలేక జల్ది వచ్చేశాను. మళ్లీ వెళ్తానో లేదో.

నీ అబ్బా


గోలేటి
మార్చి 8

ప్రియమైన అబ్బాకు,

అస్సలాము అలైకుం. ఇన్ని రోజులు రాయనందుకు కోప్పడకండి. వారం పరీక్ష పూర్తయ్యాకే రాద్దామని ఆగాను.

మీరు చెప్పినట్టే చెప్పాను. రఘుపతి సార్ నన్ను ఎగాదిగా చూసి, "సరే, వారం చూస్త" అన్నారు. మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు ఎండ మండిపోయింది. సాయంత్రం లోడుతో పైకెక్కుతున్నాను. ఎదురుగా రోడ్డు రెండుగా కనబడింది. రెప్ప ఆర్పితే ఒకటైంది, మళ్లీ రెండైంది. ఇంకో గంటలో ఇఫ్తారు. ఆపితే సీటు పోతుంది, పంటి బిగువున పైకి చేరిపోదామనిపించింది. అబ్బా, నేను దాచను, నిజంగానే అనిపించింది.

కానీ ఆపాను. పక్కకు తీసి, బ్రేకు బిగించి, వాకీటాకీలో చెప్పాను: "నాకు కండ్లు తిరుగుతున్నయి. బండి పక్కకు పెట్టిన." బాటిల్ తీసి నీళ్లు తాగాను. రోజా పోయింది, సీటూ పోయిందని ఏడుపొచ్చింది.

రఘుపతి సార్ జీపు దిగి నిచ్చెనెక్కి కేబిన్ దాకా వచ్చారు.

"ఇప్పుడెట్లున్నదమ్మా?"

"మంచిగనే ఉన్న సార్. రేపు ఆఫీసుకు రమ్మంటరా?"

"ఆఫీసుకెందుకు? చెప్పినవు చూడు, నాకు గదే కావాలె. దాసిపెట్టి నడిపేటోళ్లతోనే నా భయం. ఇయ్యాల దవాఖానకు పో, రేపు ఆగు. ఎల్లుండి వచ్చి నీ బండి నువ్వెక్కు."

ఎక్కాను అబ్బా! అప్పటి నుంచి ఇఫ్తారు వేళకు మా బండ్లన్నీ నిలిపి రెస్ట్ షెల్టర్‌కు రావడానికి సార్ పావుగంట ఇచ్చారు. రోజా ఉన్నవాళ్లం అరడజను మందిమి ఉంటాం. మొదటి రోజు దువా ఎవరు చదవాలని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వర్క్‌షాపు జనరేటర్ మోతలో ఎవరి గొంతూ వినపడదు. "అఫ్షీనక్క చదువుతది" అని సుసన్నా ముందుకు తోసింది. చదివాను. ఆ మోతను దాటేలా గొంతెత్తాను, మీరు ఆపే చోటే ఆపాను. వెంటనే తెలుగులో అర్థం చెప్పాను, వేరేవాళ్లు కూడా ఉన్నారు కదా! "నరాలు తడిశాయి" అనగానే సుసన్నా గ్లాసు చేతిలో పట్టుకుని, "మంచి మాటక్కా, ఇంకోసారి చెప్పు" అంది.

అప్పుడు మూలన కూర్చున్న ముసలాయన లేచాడు. పేరు ఎల్లన్న, గని రోడ్లు చదును చేసే గ్రేడర్ నడుపుతాడు, వచ్చే ఏడు రిటైరవుతాడు.

"బిడ్డా, నువ్వు షాట్‌ఫైరర్ రజాకన్న బిడ్డవా ఏంది?"

"అవును కాకా. మీకెట్ల తెలుసు?"

"నీ పేరు ఇనలే, ఊరు అడగలే. గా గొంతు ఇన్న. గని లోపల గా కేక ఇని ఎన్నిసార్లు పక్కకు జరిగి బతికిన్నో! మర్చిపోతనా?"

అందరూ నా వైపు తిరిగారు. నా చేతిలో ఉన్న ఖర్జూరాల్లో ఒకటి కాకా చేతిలో పెట్టాను. మీ గొంతు ఎక్కడికీ పోలేదు అబ్బా.

మీ బిడ్డ,
అఫ్షీన్


గోదావరిఖని
మార్చి 16

నా బంగారు అఫ్షీన్‌కు,

వఅలైకుముస్సలాం. నీ ఉత్తరం మీ అమ్మీ మూడుసార్లు చదివించుకుంది. చదివినవాడు ఉజైర్, ఎందుకంటే నేను చదివి వినిపించలేను, ఆమె కళ్లద్దాలు ఎప్పుడూ దొరకవు. నువ్వు బండి ఆపిన చోటికి వచ్చేసరికి ఆమె, "ఔర్ ఏక్ బార్ పఢో బేటా" అని మళ్లీ చదివించింది. సీటు నిలబెట్టుకున్నావని కాదు నా గర్వం. పోతుందని తెలిసీ నిజం చెప్పావు చూడు, అందుకు.

ఇప్పుడు నీకు తెలియనిది ఒకటి రాస్తాను. మొన్న శుక్రవారం నేను గోలేటి వచ్చాను.

ఎల్లన్న వీక్లీ రెస్టు రోజున ఇంటికి వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. "అన్నా, పోదాం పా. నీ బిడ్డ చదువుతుంటే ఇందువు గని" అన్నాడు. రఘుపతి గారితో మాట్లాడి పాసు ఇప్పించాడు. నేను రెస్ట్ షెల్టర్ వెనక, వర్క్‌షాపు తలుపు పక్కన నిలబడ్డాను. ఎల్లన్న పిలవబోతే నేనే చేయి పట్టి ఆపాను. ఇంకా సగం షిఫ్టు నడపాల్సిన మనిషివి నువ్వు. నన్ను చూస్తే ఏడుస్తావు, ఏడ్చిన కళ్లతో బండెక్కుతావు. డ్యూటీ మధ్యలో మనిషి మనసు కదిలించకూడదని నా అలవాటు.

నువ్వు చేతులెత్తావు. "అల్లాహుమ్మ" అన్నావు. నా పెదాలు వాటంతటవే కదిలాయి. చిన్నప్పుడు నేను చదువుతుంటే నువ్వు పెదాలు కదిపేదానివి, మొన్న నువ్వు చదువుతుంటే నేను కదిపాను. నీ మాటా నా మాటా ఒక్కచోటే ఆగాయి. ఎల్లన్న ఇచ్చిన ఖర్జూరంతో అక్కడే రోజా విడిచాను. ఆ తర్వాత నువ్వు హెల్మెట్ పెట్టుకుని ఆ నిచ్చెన ఎక్కడం చూశాను. ఎంత ఎత్తు బేటీ! నేను సైగలతో చూపిస్తున్న దానికి రెండింతలుంది. చక్రమే నా నెత్తి దాటి ఉంది. బండి కదిలేదాకా చూసి, రఘుపతి గారికి చేతులు జోడించాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "కండ్లు తిరిగితే దాసకుంట చెప్పింది, మీరు నేర్పిన పద్ధతే అన్నా" అన్నారు.

నిన్నటి నుంచి మసీదుకు వెళ్తున్నాను. మైకు ఉజైర్‌దే, నాకొద్దు. పక్కన కూర్చుని, వాడు పరుగెత్తే చోట అరచేయి ఎత్తుతాను. వాడు ఆగుతాడు. నిన్న దువా నిదానంగా వీధంతా వినిపించింది. ఇంటికొస్తే మీ అమ్మీ, "ఇయ్యాల మంచిగ చదివిండ్రు" అంది, నేనే చదివినట్టు.

పండుగకు రా. సుసన్నాను కూడా తీసుకురా, అమ్మీ ఆమె పేరు మీద సేమియా ఒక గిన్నె ఎక్కువే వండుతుంది.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను. ఆ సాయంత్రం తిరుగు బస్సులో నా పక్కన సమ్మవ్వ అనే ఆమె కూర్చుంది. "యాడికెల్లి వస్తున్నవయ్యా?" అని రెండుసార్లు అడిగింది. జేబులో కాగితం తీసి, "నా బిడ్డ డంపర్ నడుపుతుంది. చూసి వస్తున్నాను" అని రాసి ఇచ్చాను. ఆమెకు చదువు రాదట. కండక్టర్ చేతిలో పెట్టి, "ఏం రాసిండో సదువు కొడుకా" అంది. అతను గట్టిగా చదివాడు. బస్సులో సగం మంది వెనక్కి తిరిగి నన్ను చూశారు. వెనక సీట్లవాళ్లకు వినపడలేదేమోననిపించింది. కాగితం అతని చేతిలోనే ఉంచి, మళ్లీ చదవమని సైగ చేశాను.

నీ గొంతు విన్న అబ్బా,
అబ్దుల్ రజాక్