అక్క చేతులు ఆగిపోకుండా

జూన్ 4

మళ్ళీ ఆగిపోయింది. అక్క కుడిచెయ్యి గాల్లో ఉండగానే స్క్రీన్ మీద చక్రం తిరిగింది, వీడియో కాల్ కట్. "రా" అన్నదో "రావద్దు" అన్నదో తెలియలేదు. ముఖం మామూలుగానే ఉంది కదా అని వదిలేసి ప్రూఫులు దిద్దుకున్నాను.

జూన్ 5

బావ మెసేజ్. నిన్ననే అక్కని ఆస్పత్రిలో చేర్చారట. ఏడో నెల. రక్తం కనబడిందట. ఇప్పుడు తల్లీబిడ్డలకి భయం లేదట.

"రా" అనే అన్నది.

జూన్ 8

వెళ్ళి చూసి వచ్చాను. అక్క కోప్పడలేదు, అదే బాధ. ప్రసవం దాకా మంచం దిగకూడదట. బావ డ్యూటీకి వెళ్తే అక్కకి మాట్లాడే మనిషి ఉండరు. చదువు అంతంతమాత్రం, మెసేజ్ పెడితే చదివిపెట్టడానికి బావే రావాలి. ఇక మిగిలింది వీడియో కాలే.

రౌటర్ మార్చాలని మా ఆయనతో అన్నాను. ఆయన చేతులతో బాగానే మాట్లాడతారు, చిరాకు వస్తే మాత్రం వేళ్ళు నత్తి పడతాయి. నెట్ బాగానే ఉందిగా, సినిమాలు ఆగట్లేదుగా అన్నారు. వినేవాళ్ళకి బొమ్మ పోతే బొమ్మే పోతుంది. పుట్టు చెవుడు మా అక్కాచెల్లెళ్ళకి. మాకు బొమ్మే గొంతు.

ఈసారి రౌటర్ నేనే ఎంచుకుంటాను. రాసి పెట్టుకుంటున్నాను, మనసు మారకుండా.

జూన్ 10

షాపు. సేల్స్‌మన్ పెద్ద డబ్బా తీశాడు. ఆరు యాంటెన్నాలు, వెల్లకిలా పడ్డ సాలీడులా ఉంది. నన్ను వదిలేసి ఆయనతోనే మాట్లాడుతున్నాడు. అదీ అటు తిరిగి, పెదాలు చదవడానికి అందకుండా. ఫోన్‌లో టైప్ చేసి అతని ముక్కు ముందు పెట్టాను: రెండు గోడలు దాటుతుందా? వీడియో మా ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు కూడా ఆగకుండా ఉంటుందా?

గేమ్స్‌కి ఇదే బెస్ట్ అన్నాడట. మా ఇంట్లో గేమ్స్ ఎవరు ఆడతారు, మా అత్తయ్య ఆడతారా?

ఏమీ కొనలేదు. ఆయన స్కూటర్ మీద ఇంటిదాకా అద్దంలో నా వంక చూడలేదు.

జూన్ 11

అత్తయ్య ఏదో అన్నారు. తర్వాత ఆయన చెప్పారు: అరచేతంత డబ్బా కోసం ఇంత రాద్ధాంతమా అని.

అవును. ఇంత.

జూన్ 12

అక్కకి కాల్ చేసి, మాట్లాడుతూ ఇల్లంతా తిరిగాను. నా చేతులు ఎక్కడ ఆగితే అక్కడ నన్ను ఆపమన్నాను. పడుకున్న మనిషికి పని దొరికింది, పోలీసులా చెయ్యెత్తి ఆపింది. అత్తయ్య గదిలో శుభ్రం. హాల్లో ఫర్వాలేదు. వంటగదిలో తడబాటు. నా వెనకగదిలో అడుగు పెట్టగానే నేను బొమ్మనైపోయానట.

వెళ్ళి చూస్తే పాత రౌటర్ అత్తయ్య స్టీలు బీరువా వెనక, పెళ్ళిచూపులకి సిగ్గుపడ్డ పిల్లలా నక్కి ఉంది. ఇనుము అడ్డం, ఆపైన గోడలు. ఏ సాలీడైనా అక్కడ పెడితే ఇంతే.

జూన్ 13

అర్థమైంది. రెండు బ్యాండ్‌ల రౌటర్ కావాలి, రెండు రకాల సిగ్నల్ ఇచ్చేది. ఒకటి వేగంగా పరిగెడుతుంది కానీ గోడకి నీరసిస్తుంది, రెండోది నెమ్మదిగానైనా గోడ దాటుతుంది. మా ఇంటికి ఓ మోస్తరుది చాలు. కానీ ఇంటి నడుమ, వంటగది పక్క నడవలో ఎత్తున పెట్టాలి.

అంటే అత్తయ్య గదిలోంచి వైరు లాగాలి. గొడవ. "గోడకి చిల్లు పెడితే ఇంటికి కన్నం వేసినట్టే!" అన్నారు. ఇది మాత్రం అత్తయ్య నా వైపు తిరిగే అన్నారు, పెదాలు బాగా తెరిచి. చిల్లు వద్దు, గుమ్మం మీదుగా క్లిప్పులు కొట్టిస్తాను అని పలక మీద రాసి చూపించాను. బీరువా ఎవరూ కదపరు అని కూడా రాశాను. చదివి, కళ్ళజోడు తీసి, తల ఊపారు.

ఎందుకింత పట్టుదల అని అప్పుడడిగారు. అక్క చెయ్యి గాల్లో ఎలా ఆగిందో అలా పెట్టి చూపించాను.

జూన్ 15

కొన్నాను. చిన్నది, తెల్లది. ఈసారి ఆయన కౌంటర్‌కి దూరంగా నిలబడి, అడగాల్సింది ఆవిడనే అడగమన్నారట. సేల్స్‌మన్ నా వైపు తిరిగి, మాట మాటా విడదీసి మాట్లాడాడు.

జూన్ 16

వెనకగదిలోంచి కాల్. అక్క కనురెప్పలు కనబడ్డాయి. వేళ్ళు ఎక్కడా తెగలేదు. ఏం మాట్లాడుకున్నామో రాయను, అన్నీ పనికిమాలినవే.

జూలై 2

నేను నడవలో మాట్లాడుతుంటే అత్తయ్య ఫోన్‌లోకి తొంగిచూశారు. అక్క ఏదో అడిగింది. ఏమంటోంది అన్నారు. తిన్నారా అంటోంది అని రాశాను. తిన్నానని చెప్పడం ఎలాగో నేర్పమన్నారు.

జూలై 19

ఈరోజు అత్తయ్య నేర్చుకున్న పదాలు: పాలు, ఎండ, నడుంనొప్పి, మీ ఆయన.

ఆగస్టు 24

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. కాన్పు గదిలోకి వెళ్ళే ముందు అక్క "రా" అన్నది. స్పష్టంగా. వెళ్ళాను.

సెప్టెంబర్ 30

ఇప్పుడు కాల్ నాకు కాదు. వంటగది గుమ్మంలో నిలబడి చూశాను. అత్తయ్య వచ్చీరాని వేళ్ళతో అక్కకి నా మీద చాడీలు చెబుతున్నారు. అక్క పాపని పక్కన పడుకోబెట్టి, రెండు చేతులా ఒప్పుకుంటోంది.