తొంభై నాలుగు, జ్వరం లేదు

సోమవారం, ఉదయం

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని. ఇంట్లో కంప్యూటర్ ఎందుకు ఆరిపోతోందో నేనే కనిపెడతాను, నేనే బాగుచేస్తాను. బావమరిదిని పిలవను. ఫోన్ కూడా చెయ్యను. కింద సంతకం పెడుతున్నాను.

దీనికో కారణముంది. కిందటిసారి ప్రింటర్ కదలడం లేదని పిలిస్తే వాడొచ్చి, గోడ దగ్గర స్విచ్ వేసి, కాఫీ తాగి వెళ్లాడు. ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అనేసినా బాగుండేది. వాడికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది, నిజమే. నేను ఫ్యాన్లు అమ్ముకునేవాణ్ణి, అదీ నిజమే. అంతమాత్రాన నాకు బుర్ర లేదనా?

ఇక రోగం సంగతి. మా ఆవిడ ఆఫీసు మానేసి, ఇళ్లకీ దుకాణాలకీ లోపల ఏది ఎక్కడుండాలో గీసే పని సొంతంగా మొదలుపెట్టింది. మొదటి పార్టీ ఒక పళ్ల డాక్టరు. ఆయన కొత్త క్లినిక్ ఎలా ఉంటుందో అచ్చం ఫోటోలాంటి బొమ్మ చేసి శనివారం మధ్యాహ్నానికి చూపించాలి. లేకపోతే ఆ పని ఆవిడ మానేసిన ఆఫీసుకే పోతుంది. గీస్తున్నంతసేపూ ఏ గొడవా లేదు. బొమ్మ తయారుచెయ్యమని మీట నొక్కగానే కంప్యూటర్ కాసేపు ఆయాసపడి, టప్పున ఆరిపోతుంది.

"మా తమ్ముణ్ణి రమ్మంటానండీ," అంది.

"శుక్రవారం దాకా టైమివ్వు."

నా మొహం కాసేపు చూసి, "గురువారం," అంది.

సోమవారం, సాయంత్రం

చెయ్యాల్సినవి: ప్లగ్గు మార్చడం. వైరస్ వెతకడం. మెమరీ చిప్పు తీసి పెన్సిల్ రబ్బరుతో తుడవడం. (ఈ చివరిది ఇంటర్నెట్‌లో ఒకాయన చేసి చూపించాడు. చాలా నమ్మకంగా మాట్లాడాడు.)

కంప్యూటర్‌ని వంటింట్లోకి మోసుకెళ్లి ఫ్రిజ్ ప్లగ్గులో పెట్టాను. అక్కడా ఆరిపోయింది. ఫ్రిజ్‌ని మళ్లీ అందులో పెడితే బాగానే ఉంది. కనుక తప్పు ప్లగ్గుది కాదు. ఒక మెట్టు ఎక్కాం.

నడుం పట్టేసింది.

మంగళవారం

వైరస్ దొరకలేదు. నా పాత ఫోటోలు దొరికాయి. అప్పట్లో జుట్టుండేది. వాటితోనే సాయంత్రం సగం గడిచిపోయింది.

తర్వాత చిప్పు తీసి తుడిచాను. తిరిగి పెడితే తెర వెలగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే వెలిగింది. ఆ మధ్యలో నా గుండె ఎక్కడుందో డైరీకి కూడా చెప్పను. ఇంత చేసినా, మీట నొక్కితే మళ్లీ టప్పు.

బుధవారం

పెద్ద ముందడుగు! లోపల వేడి ఎంతుందో చూపించే ప్రోగ్రాం ఎక్కించాను. తెర మూలన ఒట్టి అంకె కనిపిస్తుంది. మీట నొక్కితే అది పెరిగి పెరిగి తొంభై నాలుగు దగ్గర ఆరిపోయింది. మళ్లీ చూశాను, మళ్లీ తొంభై నాలుగే.

ఇలాంటివి అమ్మకి తెలుస్తాయి. అమ్మ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పటికీ ఇంట్లో ఎవరు దగ్గినా ముందు థర్మామీటర్ తెస్తుంది.

"తొంభై నాలుగా? జ్వరమేం లేదురా," అంది. కాసేపాగి, "అసలు ఉండాల్సిన దానికంటే తక్కువుంది. ఒళ్లు చల్లబడితే పేషెంటు ఇలాగే నీరసించి పడిపోతాడు."

నవ్వాను గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. కంప్యూటర్ డబ్బా సరిగ్గా కిటికీ కిందే ఉంది. రోజంతా గాలి కొడుతుంది. అమ్మ తన పాత ఉన్ని శాలువా తెచ్చి, మెడ దాకా కప్పినట్టు కప్పి, అంచులు లోపలికి దోపింది. వెచ్చగానూ ఉంటుంది, దుమ్మూ పడదు. ఉభయతారకం.

మా ఆవిడ శాలువా వంక చూసి ఏదో అనబోయి మానేసింది.

గురువారం, ఉదయం

శాలువా మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. వైద్యం పనిచేస్తోంది.

గురువారం, సాయంత్రం

పనిచెయ్యడం లేదు. ఇదివరకు బొమ్మ తయారయ్యేటప్పుడే ఆరిపోయేది. ఇవాళ కుర్చీ బొమ్మ ఒకటి పక్కకి జరిపినా ఆరిపోయిందట. నేను ఇంటికొచ్చేసరికి ఆవిడ నల్లటి తెర ముందు కూర్చునుంది. రిసెప్షన్ బల్ల మొత్తం పోయింది, సేవ్ చేసేలోపే.

కోప్పడుతుందనుకున్నాను. "మళ్లీ గీస్తాలెండి," అంది. ఆ 'లెండి'లో బోలెడు అలసట ఉంది.

"గురువారం అయిపోయింది. తమ్ముడికి చెప్పనా?"

"ఒక్క రోజు."

తలూపింది. నాకు సిగ్గేసింది. ధైర్యం చేసి ఉద్యోగం మానేసిన మనిషి, మొదటి పనే నా పంతం వల్ల పోగొట్టుకుంటుందేమోనని భయం వేసింది. అయినా తప్పు పూర్తిగా నాదే అనడం అన్యాయం. కంప్యూటర్ పాతది. ప్రోగ్రాం బరువైంది. పైగా పళ్ల డాక్టరుకి పైకప్పు నిండా అన్ని లైట్లెందుకు? ఎలాగూ చూసేది నోట్లోకే కదా.

శుక్రవారం, దుకాణంలో

బేరాల్లేవు. బావమరిదికి ఫోన్ చేశాను. దీన్ని మాట తప్పడం అనరు. నేనడిగింది మా కంప్యూటర్ గురించి కాదు, మా కొట్లో ఒక స్నేహితుడి కంప్యూటర్ గురించి.

"మీ స్నేహితుడిది వేడి ఎంత చూపిస్తోంది బావగారూ?"

"తొంభై నాలుగు. జ్వరమేం లేదు."



"అది మనకి జ్వరం చూసుకునే లెక్క కాదు బావగారూ. సెల్సియస్. ఇంకో ఆరు డిగ్రీలు పెరిగితే నీళ్లు మరుగుతాయి."

అంగడి నిండా ఫ్యాన్లున్నా నాకు చెమట పట్టింది.

"లోపల బొమ్మల పనంతా చేసే కార్డొకటి ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డని," అన్నాడు. "పని ఎక్కువైతే అది కాగిపోతుంది. చల్లబరచడానికి దాని మీదే చిన్న ఫ్యానుంటుంది. అది దుమ్ము పట్టి ఆగిపోయుంటుంది. కార్డు కాలిపోకుండా కంప్యూటరే ఆరిపోతోంది, అదృష్టం. గాలాడేలా పెట్టాడా మీ స్నేహితుడు?"

"శాలువా కప్పాడు."

అవతల దగ్గో నవ్వో తెలియని చప్పుడొకటి వినిపించింది.

"ముందది తీసెయ్యమనండి," అన్నాడు, గొంతు సవరించుకుని. "ఆపేసి, పక్క రేకు విప్పి, దుమ్ము దులిపి, బయటినుంచి పెద్ద ఫ్యాను పెట్టమనండి. ప్రస్తుతానికి పని నడుస్తుంది. మీ స్నేహితుడికి ఫ్యాను దొరుకుతుందా?"

చుట్టూ చూశాను. పైన ఫ్యాన్లు, బల్లల మీద ఫ్యాన్లు, వరసగా నిలబడ్డ ఫ్యాన్లు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే నవ్వేవాణ్ణి ఇన్నాళ్లూ.

"దొరుకుతుంది," అన్నాను.

శుక్రవారం, సాయంత్రం

రేకు విప్పాను. లోపల దుమ్ము పరుపులా పేరుకుంది. కార్డు మీద చిన్న ఫ్యానుని వేలితో తోస్తే కదల్లేదు. ఆవిడకి అంతా చెప్పాను, ఫోన్ సంగతి తప్ప. "మీరే కనిపెట్టారా?" అంది. దగ్గొచ్చింది. అమ్మ థర్మామీటర్ కోసం లేచింది.

కొట్లోంచి పెద్ద స్టాండు ఫ్యాను తెచ్చాను. ఆవిడ ఆ గాలిలోనే రిసెప్షన్ బల్ల మళ్లీ గీసింది. ఒక్కసారీ ఆరిపోలేదు.

శనివారం

ఉదయమే ఆవిడ మీట నొక్కింది. ఫ్యాను ఫుల్ స్పీడులో ఉంది. నేను తెచ్చింది చాలాకాలంగా కొట్లో చూపించడానికి వాడిన ఫ్యాను. దాని తల ఒకచోట ఆగదు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అందుకని మెడ రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. అమ్మ కుర్చీ వేసుకుని అంకె చదువుతోంది.

"అరవై ఎనిమిది. డెబ్బై ఒకటి. నిలకడగా ఉంది. ఎవరూ గట్టిగా మాట్లాడకండి."

బొమ్మ పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతోంది. పైకప్పు వచ్చింది. లైట్లన్నీ వచ్చాయి. కుర్చీ సగం వచ్చింది. నాకు ముక్కు దురద పెట్టింది. ఓర్చుకున్నాను. ఇంకా ఓర్చుకున్నాను. ఒక చెయ్యి తీశానో లేదో ఫ్యాను తల అమ్మవైపు తిరిగిపోయింది.

"ఎనభై," అంది అమ్మ, మొహం మీద పడిన జుట్టులోంచే. "ఎనభై ఆరు. ఒరేయ్, గాలి నాకు కాదు, పేషెంటుకి!"

తల వెనక్కి తిప్పి కౌగిలించుకున్నంత పని చేశాను. తొంభై దాకా వెళ్లింది. ఆవిడ కళ్లు మూసుకుంది. తొంభై ఒకటి. తొంభై. ఎనభై ఏడు. ఆ తర్వాత ముక్కు రాలిపోయినా సరే అనుకుని నిలబడ్డాను. చివరికి నేల మీద పలకలు కూడా వచ్చి బొమ్మ పూర్తయింది. ఆవిడ లేచింది. వచ్చి నా ముక్కు గోకింది.

సాయంత్రం డాక్టరు దగ్గర్నుంచి నవ్వుతూ వచ్చింది. పని తనకే ఇచ్చాడట. ఇంకో రెండు లైట్లు కావాలన్నాడట.

చెప్పులు విప్పుతూ అంది: "మీ కొట్లో స్నేహితుడికి నా తరఫున థాంక్స్ చెప్పండి. పాపం, ఉన్న ఒక్క శాలువా కప్పాడట కదా."

ఆదివారం

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని.

బావమరిది కార్డుకి కొత్త చిన్న ఫ్యాను పంపించాడు. బిగించడానికి సాయంత్రం వస్తానన్నాడు. వద్దన్నాను. ఫ్యాన్లు అమ్మేవాడి ఇంటికొచ్చి ఇంకొకడు ఫ్యాను బిగించడమేమిటి? నేనే బిగిస్తాను. వాణ్ణి పిలవను. ఫోన్ కూడా చెయ్యను. కింద సంతకం పెట్టాను.

మధ్యాహ్నం: కార్డు బయటికొచ్చింది. దాంతోపాటు రావాల్సిన అవసరం లేనివి కూడా కొన్ని వచ్చినట్టున్నాయి. అమ్మ బల్ల మీది కార్డు మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు నిజంగానే చల్లబడిందిరా," అంది.

ఆవిడ వచ్చి చూసింది. నా ఫోన్ తెచ్చి, విప్పిన స్క్రూల పక్కన పెట్టింది.

"మీ స్నేహితుడికి అవసరం పడుతుందేమో," అని లోపలికి వెళ్లింది.

ఇంతవరకూ దాన్ని ముట్టుకోలేదు.