బొమ్మ వచ్చిందా?

ఆళ్లగడ్డ,
గురువారం.

మన సాయిశ్రీ టీవీలో వస్తోంది!

ఉత్తరం మొదట్లో క్షేమం అడగాలని నాకూ తెలుసు. ఈ ముక్క రాయనిదే చెయ్యి ముందుకు కదల్లేదు. ఇప్పుడు పద్ధతిగా: నోటితో పలకని బామ్మర్ది చిరంజీవి శివప్రసాద్‌కు, చేత్తో రాసే బావ భాస్కరయ్య ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అక్క తులసమ్మా క్షేమం. అక్కడ నీ అంగడీ, నీ మొండితనమూ క్షేమమని తలుస్తాను.

నీ మేనకోడలు పాములపాడులో పశువుల డాక్టరై రెండేళ్లయింది కదా. ఇప్పుడు రైతుల ఛానెల్ వాళ్లు పిలిచారు. వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు ‘పాడి ముచ్చట్లు’ అనే కార్యక్రమంలో అరగంట కూర్చుని, బర్రెల పొదుగువాపు గురించి రైతులు ఫోన్లో అడిగేవాటికి అప్పటికప్పుడు జవాబు చెబుతుందట. పొదుగువాపు! నా జన్మలో ఇంత అందమైన మాట వినలేదు.

చిక్కల్లా ఒకటే, మా వీధి కేబుల్లో ఆ ఛానెల్ రాదు. “ఫోన్లో చూడు నాయనా” అంటుంది పిల్ల. బిడ్డను అరచేతిలో పెట్టుకుని చూసుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది. గోడకున్న టీవీలో చూడాలి. వాకిలి బార్లా తెరిచిపెట్టాలి. ఎదురింటి కృష్ణమ్మ కూడా చూడాలి.

కాబట్టి నాకొక డిష్ కావాలి. ఎనిమిదేళ్ల కిందట నువ్వు డిష్‌ల అంగడి తెరిచిన రోజున, నలభై మంది ముందర “ఏందప్పా, ఈ చాటలు ఎవురు కొంటారు?” అన్నది నేనే. ఆ తర్వాతి వారం యాగంటిలో, ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్లు బంధువులందరికీ భక్షాల భోజనం పెట్టాలని బసవన్న ముందర ఒట్టు పెట్టుకున్నదీ మనమే. బసవన్నతో పాటు ఆ ఒట్టు కూడా ఏటేటా పెరుగుతోంది. నేను నోరు తెరవడం లేదు, రాస్తున్నాను. ఉన్నవాటిలో పెద్ద చాట పంపు. బిడ్డ పెద్దగా కనబడాలి.

ఇట్లు,
నీ బావ భాస్కరయ్య.

తా.క.: నీకు ఫోన్ చేయమని మీ అక్కనడిగాను. “మీ ఇద్దరి నడుమ తీగ మాదిరి వేలాడేది నాతో కాదు” అంది. అందుకని ఎప్పటిలాగే ఎనిమిదిన్నర బస్సు కండక్టర్ అజయ్ కుమార్ చేతికే ఇస్తున్నాను.


నంద్యాల,
శనివారం.

పూజ్యులైన బావగారికి, చాటల వ్యాపారి శివప్రసాద్ చేతులెత్తి నమస్కరించి రాస్తున్నది.

మేనకోడలి సంగతి చదివి అంగట్లో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. డిష్ కావాలన్న సంగతి చదివి రెండోసారి పంచాను.

పెద్ద డిష్ పెడితే బొమ్మ పెద్దది కాదు బావగారూ. పెద్ద కళ్లద్దాలు పెట్టుకుంటే ఆళ్లగడ్డ హైదరాబాదు అవుతుందా? మీ ఇంటికి చిన్నదే చాలు. మా ఫిట్టర్ యేసురత్నం రేపు తెచ్చి బిగిస్తాడు. మీరు గుర్తు పెట్టుకోవలసినవి మూడే. డిష్ ఆగ్నేయానికే చూడాలి. దాని ముందర అడ్డం ఏదీ ఉండకూడదు. బిగించాక దాని జోలికి పోకూడదు. మూడోది మీ స్వభావానికి కష్టమని తెలిసీ రాస్తున్నాను.

అక్కకు నమస్కారాలు.

ఇట్లు, మీకు నోటిమాట ఇంకా బాకీ ఉన్న,
శివప్రసాద్.

తా.క.: బిల్లులో కొన్నవారి పేరు దగ్గర ‘భాస్కరయ్య గారు, ఆళ్లగడ్డ’ అని పెద్దక్షరాలతో రాయించి, కాపీకి పటం కట్టించి, గల్లాపెట్టె పైన తగిలించాను. వచ్చిన వాళ్లంతా చదువుతున్నారు.


ఆళ్లగడ్డ,
సోమవారం పొద్దున.

బొమ్మ వచ్చింది! అద్దంలో చూసినట్టుంది!

చిరంజీవి శివప్రసాద్‌కు ఆశీస్సులు. పటం సంగతి తర్వాత చూసుకుందాం. ఈ రోజు నాకు కోపం రావడం లేదు.

నిన్న యేసురత్నం మిద్దె మీద డిష్ బిగించాడు. వాడు పైన, నేను కింద టీవీ ముందర.

“వచ్చిందా అయ్యా?”

“రాలేదప్పా! నీలంగానే ఉండాది!”

“ఇప్పుడో?”

“ఇంగా నీలమే!”

వీధి వీధంతా మా ఇద్దరి గొంతే. ఆగ్నేయమంటే మా వంటింటి మూల. పొయ్యి వైపు నోరు తెరుచుకుని చూస్తే ఇంటికి మంచిది కాదు, ఈశాన్యానికి తిప్పమన్నాను. “అయ్యా, ఉపగ్రహాన్ని పైకి పంపినోళ్లు మీ ఇంటి వాస్తు అడగల్యా” అన్నాడు. పోనీలెమ్మని ఊరుకున్నాను.

డిష్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలదండ వేశాం. కొబ్బరికాయ దాని అంచుకే కొట్టబోతే యేసురత్నం చెయ్యి అడ్డం పెట్టాడు. దెబ్బ వాడి చేతికి తగిలింది, డిష్ క్షేమం. ఆ తర్వాత నేను వీధిలో వాళ్లకు ఛానెళ్లు తిప్పి చూపిస్తుంటే, డిష్ ముందర పొడుచుకొచ్చిన ముక్కు లాంటిదేదో చూపించి మీ అక్కకు చాలాసేపు పాఠం చెప్పాడు. నేను వినలేదు. నాకు తెలియనిదేముంది?

ఇట్లు,
శుక్రవారం కోసం ఇప్పటినుంచే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న నీ బావ.

తా.క.: కృష్ణమ్మ వీధిలో నిలబడి “ఏందిమా తులసమ్మా, మిద్దె మీద అంత పెద్ద గొడుగు!” అని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. మీ అక్క దిష్టి తగులుతుందని అప్పటికప్పుడు సంతకు పోయి బూడిద గుమ్మడికాయ తెచ్చింది. మోయలేక రిక్షాలో తెచ్చింది.


ఆళ్లగడ్డ,
మంగళవారం.

నిప్పులాంటి సరుకని చెప్పి బూడిద అంటగట్టిన బామ్మర్దికి.

బొమ్మ పోయింది. నిన్న సాయంత్రం నుంచి టీవీ నిండా నీలమే. ఎనిమిదేళ్ల కిందటి ఒక్క మాటకు ఇంత పగా? చాట అన్నందుకు చాటే పంపావా? నీకు ఏదైనా చెప్పాలని ఉంటే నాకు చెప్పు, బిడ్డ మీద చూపించకు.

ఇంక మూడు రోజులే ఉంది.

భాస్కరయ్య.

తా.క.: ఆశీస్సులు కావాలనే రాయలేదు. మర్చిపోయాననుకుంటావని చెబుతున్నాను.


నంద్యాల,
బుధవారం.

బావగారికి, మీరు ఆశీర్వదించకపోయినా నమస్కారాలు.

ఎనిమిదేళ్లలో పన్నెండు వందల డిష్‌లు బిగించాను. ఒక్కటీ ఒక్క రోజులో పోలేదు. మీ ఇంట్లో పోయిందంటే పోయింది డిష్ కాదు. యేసురత్నాన్ని పంపుదామంటే వాడు పగిడ్యాలలో పనికి పోయాడు, శనివారం దాకా రాడు. ఈ సంగతి ఆదివారమే అక్కతో చెప్పాడట.

ఒకే ఒక్క ప్రశ్న. అబద్ధం చెప్పకుండా రాయండి. మీరు దాన్ని ముట్టుకున్నారా?

శివప్రసాద్.

తా.క.: దిష్టికి గుమ్మడికాయ కట్టడం మంచిదే. నా అంగడి వాకిటికీ ఉంది, ఎనిమిదేళ్లుగా మీ కన్ను తప్ప ఏ కన్నూ తగల్లేదు.


ఆళ్లగడ్డ,
గురువారం పొద్దున.

బామ్మర్దికి.

నేను ముట్టుకోలేదు. తిప్పాను, అంతే. అదీ నీ సరుకు చెడిపోయిన తర్వాతే.

ముందు ఈశాన్యానికి తిప్పాను, వాస్తుకు. రాలేదు. తూర్పున అహోబిలం వైపు తిప్పి దండం పెట్టుకున్నాను. రాలేదు. చివరికి నంద్యాల వైపు, నీ అంగడికి ఎదురుగా తిప్పాను. అది కూడా నీ మాదిరే పలకలేదు. పసుపూ కుంకుమా అలంకారమంతా పెట్టింది పెట్టినట్టే ఉంది. బొమ్మ మాత్రం లేదు.

చిన్నప్పుడు ఇది పుస్తకం పక్కన పడేసి మా పాలబర్రె వెంట తిరుగుతుంటే, “బర్రెలు కాసుకుని బతుకుతావా?” అని తిట్టింది నేనే శివప్రసాద్. చెయ్యి కూడా చేసుకున్నాను. ఇప్పుడు ఆ బర్రెల గురించే లోకమంతా దాన్ని అడుగుతుంటే, నేను నీలం తెర చూస్తూ కూర్చోవాలా?

ఇట్లు,
సాయిశ్రీ తండ్రి.

తా.క.: వాకిట్లో పలక పెట్టి సుద్దముక్కతో రాశాను: ‘ఈ డిష్ నంద్యాల శివప్రసాద్ అంగట్లో కొన్నది. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు అందరూ రండి. ఏమీ కనిపించదు.’


నంద్యాల,
గురువారం సాయంత్రం.

పలక తుడిచేయండి. రేపు నేనే వస్తున్నాను.

మీతో మాట్లాడటానికి కాదు. మేనకోడలి కోసం, అంగడి పేరు కోసం. నేను మిద్దె మీద డిష్ తిప్పుతాను. మీరు టీవీ ముందర స్టీలు పళ్లెం పట్టుకుని కూర్చోండి. బొమ్మ రాకపోతే ఒక దెబ్బ, వస్తే రెండు దెబ్బలు. నోరెత్తారా, భక్షాలు మీవి.

శివప్రసాద్.

తా.క.: పళ్లెం గట్టిది చూసుకోండి. మీ చేతి సంగతి సాయిశ్రీ చెబుతుంది.


ఆళ్లగడ్డ,
ఆదివారం.

బిడ్డను చూశాను శివా! కళ్లారా చూశాను!

చిరంజీవి శివప్రసాద్‌కు, ఎనిమిదేళ్ల ఆశీస్సులు ఒకేసారి. ఫోన్లో చెబుదామంటే నిన్నటి నుంచి నాలుగుసార్లూ నువ్వే మాట్లాడి నువ్వే పెట్టేశావు. పైగా బావే ముందు నోరు తెరిచాడని నంద్యాలంతా చాటుతున్నావట. నువ్వు మిద్దె మీదున్నావు, కింద జరిగింది నీకేం తెలుసు? జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దీనికి కూడా పటం కట్టించు.

ఆరుంబావుకు నువ్వు నా వైపు చూడకుండా పానా పట్టుకుని మిద్దెక్కావు. పలక తుడిచానే గానీ, చదివిన వాళ్లు అప్పటికే చదివేశారు. ఏమీ కనిపించదని రాసినందుకు ముప్పై మంది వచ్చారు. సాయిశ్రీ కనిపిస్తుందని రాసుంటే పది మంది వచ్చేవాళ్లేమో.

అంతలో మెట్ల మీద దడదడమని చప్పుడు. గుమ్మడికాయ దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. నువ్వు విప్పి తోసినట్టున్నావు. తర్వాత డిష్ తిప్పడం మొదలుపెట్టావు. నేనొక దెబ్బ కొట్టాను. పళ్లెం అంచు కుర్చీకి తగిలి ఇంకోసారి మోగింది. నువ్వేమో వచ్చిందనుకుని బిగించేశావు. రాలేదని చెప్పడానికి మళ్లీ కొట్టాను, నువ్వు పానా ఆపలేదు. ఆపకుండా కొట్టాను. వచ్చిందని నేను సంబరపడుతున్నాననుకున్నావు కదూ? కృష్ణమ్మ “బొమ్మ లేదు గానీ పాట బాగుండాది” అంది.

ఆరూ ముప్పై ఒకటైంది. నీకు అనుమానం వచ్చినట్టుంది, మళ్లీ వదులు చేసి తిప్పావు. తెర మీద సాయిశ్రీ కనిపించింది. తెల్ల కోటు, వాళ్లమ్మ చెవికమ్మలు. “నమస్కార” అంది. ‘మండీ’ అనేలోపల నువ్వు ఇంకొంచెం తిప్పావు, బిడ్డను నీలం మింగేసింది.

“ఎనక్కి! ఎనక్కి తిప్పరా శివా!”

పైనుంచి “చాలా బావా? వచ్చిందా?” అన్నావు. “వచ్చింది! కదిలించొద్దు, నీకు పుణ్యముంటాది!” అన్నాను. నేను అరిచింది చాటతో, నీతో కాదని వాదిద్దామని రాత్రంతా ఆలోచించాను. కానీ చాటను ఎవరూ శివా అని పిలవరు. ఒప్పుకుంటున్నాను. భక్షాలు నావే.

ఆ తర్వాత నువ్వూ నా పక్కనే కూర్చుని చూశావు. ఎవరో రైతు “మా బర్రెకు దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టినామ్మా” అంటే, మన బిడ్డ తడుముకోకుండా “గుమ్మడికాయ కూర వండుకోండి, బర్రెను డాక్టరుకు చూపించండి” అంది. ముప్పై మందీ తిరిగి నా కాళ్ల దగ్గరున్న కాయను చూశారు. నేను మీ అక్కను చూశాను. ఆమె మాత్రం టీవీనే చూసింది.

నిన్న మీ అక్క ఆ గుమ్మడికాయనే వడియాలకు తరుగుతుంటే అడిగాను, “ఎవురైనా వాకిటికి కడతారు గానీ, డిష్ ముక్కుకు కడతారా?” అని. కత్తిపీట మీంచి తలెత్తకుండా చెప్పింది:

“నాకు తెలీదా? ఆ ముక్కు మీద బరువు పడితే బొమ్మ పోతాదని, పోతే పైనొకరు కిందొకరు అరుచుకుంటేనే మళ్ల కుదురుతాదని యేసురత్నం చెప్పినాడు. వాడు శనారం దాకా ఊర్లో ఉండనని గూడా చెప్పినాడు. ఎనిమిదేండ్లు ప్రతి పెండ్లిలో మీకొక మూల, వానికొక మూల ఇస్తరాకు ఏసి నా నడుం ఇరిగింది. కాయ ఒగటి పోతే పోనీ అనుకున్న్యా.”

“బిడ్డ కార్యక్రమం పోయింటే?”

“శుక్రారం పొద్దున్నే నేనే ఇప్పేద్దామనుకున్న్యా. మీరు ఈశాన్యం, అహోబిలం అనుకుంటా ఊరంతా తిప్పుతారని యాడ తెలుసు!”

ఇట్లు,
మీ అక్క చేతిలో ఓడిపోయిన ఇద్దరిలో పెద్దవాడు,
భాస్కరయ్య.

తా.క.: భక్షాల భోజనం వచ్చే ఆదివారం, మా ఇంట్లో. అందరికీ నోటితోనే చెప్పు.

కోయిలకుంట్ల పెద్దక్కకు. ఇద్దరం ఒకే వరుసలో కూర్చుంటామని చెప్పు, నమ్మకపోతే వచ్చి చూడమను.

బనగానపల్లె ఇంద్రజ వదినకు. నీ మాట నాకూ, నా మాట నీకూ మోసి ఎనిమిదేళ్లు కాలక్షేపం చేసింది. మెల్లగా చెప్పు, తట్టుకోలేదు.

నీ కొడుకు సుమంత్‌కు. పెండ్లి ఫోటోలో నన్ను ఒక చివరా, నిన్ను ఒక చివరా నిలబెట్టి మధ్యలో ఇరవై మందిని ఇరికించాడు. ఇప్పుడు ఇంకోటి తీయమను.

సాయిశ్రీకి. భోజనం సంగతి చెప్పు. గుమ్మడికాయ సంగతి మాత్రం చెప్పొద్దు, మళ్లీ టీవీలో చెబుతుంది.

కండక్టర్ అజయ్ కుమార్‌కు. బంధువు కాడు గానీ, మన ఇంటి సంగతులు బంధువులకన్నా ఎక్కువ తెలుసు. ఇదే ఆఖరి ఉత్తరమనీ, ఆదివారం తప్పకుండా రావాలనీ చెప్పు. చెప్పకపోయినా ఫర్వాలేదు, ఇది నీకు చేరేలోపే చదివి ఉంటాడు.